బ్రహ్మయ్య కొట్టిన కాయ

గురజాల బస్టాండు ఎదురుగా బ్రహ్మయ్య కొబ్బరికాయల కొట్టు. కొట్టంటే పైన నాలుగు రేకులు, ముందొక చెక్కబల్ల, వెనక గుట్టగా పోసిన కాయలు, అంతే. మనిషికి అరవై ఆరేళ్ళు. కాయను చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపి, వేలి కణుపుతో టక్కున కొట్టి, లోపల నీళ్ళెన్ని, కొబ్బరెంత, అది చెట్టు దిగి ఎన్నాళ్ళయిందో చెప్పేస్తాడు. పెళ్ళికైనా, కొత్త ట్రాక్టరుకైనా, బోరు వేసే ముందైనా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆయన చేతే కాయ ఏరించుకునేవారు. బ్రహ్మయ్య ఇచ్చిన కాయ కుళ్ళదని ఊళ్ళో ఒక మాట ఉండేది. పదహారేళ్ళ క్రితం ఆ మాట పోయింది. పోయింది కూడా ఊరంతా చూస్తుండగా, బాస్కెట్‌బాల్ కోర్టులో.

గురజాలలో బాస్కెట్‌బాల్ ఏమిటని బయటివాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వారు. ముప్పై ఏళ్ళ కిందట హైస్కూలుకు బదిలీ మీద వచ్చిన ఒక డ్రిల్లు మాస్టారు పట్టుబట్టి సిమెంటు కోర్టు వేయించి, ఇనప స్తంభాలు పాతించి, ఆడపిల్లల చేత ఆట మొదలుపెట్టించాడు. ఆడపిల్లలు నిక్కర్లేసుకుని గెంతడమేమిటని గొణిగిన పెద్దమనుషులే, ఆ పిల్లలు గుంటూరు వెళ్ళి కప్పు తెచ్చిన రోజున పూలదండలు పట్టుకుని ముందు నిలబడ్డారు. అక్కడినుంచి గురజాల జట్టంటే జిల్లాలో హడలు. ఊళ్ళో రెండు పార్టీలవాళ్ళూ పక్కపక్కన కూర్చునే చోటు ఏదైనా ఉందంటే అది ఆ కోర్టు గట్టొక్కటే.

మ్యాచికి ముందు స్తంభం మొదట్లో ఉన్న రాతి మీద కాయ కొట్టడం మొదటినుంచీ ఆనవాయితీ. కాయ బ్రహ్మయ్యది, కొట్టే చెయ్యీ బ్రహ్మయ్యదే. ఒక్క దెబ్బకు సగానికి సగం పగలాలి, తెల్లగా మెరవాలి, ఆ తర్వాతే బంతి లేవాలి. గెలిచాక ఆ కొబ్బరినే ముక్కలు చేసి గట్టు మీద అందరికీ పంచేవారు. పన్నెండేళ్ళలో ఒక్క కాయ కూడా తప్పు రాలేదు.

ఆ తర్వాత రాష్ట్ర టోర్నమెంటు ఫైనల్ వచ్చింది, అదీ సొంత ఊళ్ళోనే. బ్రహ్మయ్య కాయ కొట్టాడు. లోపల నల్లగా ఉంది. కంపుకు ముందు వరుసలోవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. ఆ రోజు జట్టు ఒక్క పాయింటుతో ఓడింది. చివర్లో కెప్టెన్ హైమావతికి రెండు ఫ్రీ త్రోలు దొరికాయి, రెండూ రింగుకు తగిలి బయటపడ్డాయి. ఆ పిల్లను ఎవరూ ఒక్క మాట అనలేదు. "పిల్లేం చేస్తది, కాయే కుళ్ళితే!" అన్నారు.

తర్వాత అన్నీ కలిసొచ్చినట్టే వచ్చాయి, చెడ్డవైపుకు. మాస్టారు రిటైరయ్యాడు. ఆడే పిల్లలకు పెళ్ళిళ్ళయ్యాయి. కొత్త జట్టు మొదటి రౌండులోనే ఇంటికి రావడం నేర్చుకుంది, కొన్నాళ్ళకు అసలు వెళ్ళడమే మానేసింది. ఎండ బాగా తగిలే సిమెంటు నేల కదా అని ఎవరో నాలుగు బస్తాల మిరపకాయలు తెచ్చి పోశారు. మరుసటి ఏడాదికి కోర్టంతా మిరప కల్లమైంది. ఒక రింగు ఊడిపోయింది, రెండోదాని మీద కాకి గూడు పెట్టింది. ఎవరి పని చెడ్డా, ఎవరి బోరులో నీళ్ళు పడకపోయినా, "బ్రహ్మయ్య కాయ గానీ కొట్టావేందిరా?" అని పరాచికాలాడటం ఊరికి అలవాటైంది. ఆయనా నవ్వేవాడు. ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుంటే మాత్రం ముద్ద దిగేది కాదు. తన చేత్తోనే ఆ ఆటను చంపానని ఆయన నిజంగానే నమ్మాడు. ఆ తర్వాత కోర్టులో అడుగు పెట్టలేదు.

ఆరేళ్ళ క్రితం హైమావతి అదే స్కూలుకు ఆటల టీచరుగా వచ్చింది. వచ్చిన వారానికే మిరపకాయల మధ్య నిలబడి, "మీరెత్తుతారా, నన్నెత్తమంటారా?" అని రైతులతో పోట్లాడి కోర్టు ఖాళీ చేయించింది. మొదటి ఏడాది పిల్లలు ఆడినదానికంటే తుమ్మింది ఎక్కువ. మండే కళ్ళు తుడుచుకుంటూనే బంతి కొట్టారు. ఓడారు, ఓడారు, మళ్ళీ ఓడారు. నాలుగో ఏడు గెలవడం మొదలుపెట్టారు. ఇక ఊరు ఆగుతుందా? ఆటో మోయిన్ తన ఆటో వెనక ఆ పిల్లల జెర్సీ నంబర్లన్నీ రాయించుకున్నాడు. టీ కొట్టు దగ్గర ముసలివాళ్ళు పాత మ్యాచ్‌లనూ కొత్తవాటినీ కలిపి కలగాపులగం చేసి, "ఆ రోజులు మళ్ళా వచ్చినయ్యిరా!" అని కళ్ళు తుడుచుకున్నారు. బ్రహ్మయ్య ఒక్క మ్యాచీ వదలలేదు. కొట్టు కట్టేసి వెళ్ళి, స్కూలు ప్రహరీ బయట ఇటుకల మీద నిలబడి, గోడ మీదుగా చూసేవాడు. లోపలికి రమ్మంటే, "ఇక్కడ గాలి బాగుంటది" అనేవాడు.

ఈ ఏడు రాష్ట్ర ఫైనల్ మళ్ళీ గురజాలకే వచ్చింది. అవతలిది విజయవాడ జట్టు. మ్యాచి రోజు పొద్దున్నే కెప్టెన్ లిఖిత సైకిలు దిగి కొట్టు ముందు నిలబడింది. ఇంటరు చదివే పిల్ల, మనిషి సన్నగా, మాట సూటిగా ఉంటుంది.

"తాతా, సాయంత్రం కాయ నువ్వే కొట్టాలంట. మేడం చెప్పింది."

బ్రహ్మయ్య చేతిలో కాయ జారి గుట్టలో పడింది. "నేనొద్దులేమ్మా. వేరే ఎవురి చేతనన్నా..."

"వేరే ఎవురూ వద్దంది. నువ్వు రాకపోతే అసలు కాయే కొట్టించనంది."

ఆయన నోరు తెరిచేలోపు వెనకనుంచి భార్య శేషారత్నం, "వస్తాడమ్మా, నువ్వు బో" అని పిల్లను పంపేసింది.

"ఏమే, నీకేమన్నా మతి పోయిందా?" అన్నాడు బ్రహ్మయ్య. "మళ్ళా కుళ్ళితే? ఆ పిల్లల ఆరేళ్ళ కష్టమే! ఇంకోసారి నా చేత్తో..."

"కుళ్ళదు. కాయలమ్ముకునేవాడివి, ఒక్క మంచి కాయ ఏరలేవా?"

ఏరడం మొదలుపెట్టాడు. అంబాజీపేట నుంచి మొన్న దిగిన లోడులో రెండు వందల కాయలున్నాయి. ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టి ఊపాడు, వేలితో కొట్టాడు, పిలక పక్కకు తీసి కాయ కళ్ళ దగ్గర తడి ఉందేమో ఒత్తి చూశాడు. ముప్పై పక్కన పెట్టాడు. ముప్పైలోంచి ఎనిమిది, ఎనిమిదిలోంచి మూడు. బేరాలకు వచ్చినవాళ్ళు చూసి చూసి పక్క కొట్టుకు పోయారు.

"పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇంత పరీక్షగా చూడలా" అంది శేషారత్నం.

ఆయనకు నవ్వు రాలేదు. పదహారేళ్ళ కిందటి కాయ కూడా ఇలాగే పలికింది మరి. ఇలాగే గలగలమంది, ఇలాగే బరువుగా ఉంది. అప్పుడు మోసపోయిన చెవి ఇప్పుడు మాత్రం నిజం చెబుతుందని ఏమిటి నమ్మకం? మధ్యాహ్నానికి మూడింటిలోంచి ఒకటి తేల్చాడు.

"రెండోది కూడా సంచిలో ఏసుకో, ఎందుకైనా మంచిది" అంది శేషారత్నం.

"రెండోది పట్టుకుపోతే మొదటిదాన్ని అనుమానించినట్టే గదే. అనుమానంతో కొట్టిన కాయ దేవుడు ముట్టడు" అన్నాడు. అనుమానంతో నిలువునా వణుకుతున్న మనిషి ఆ మాటనడం చూసి ఆమె నెత్తి కొట్టుకుంది. ఒక్క కాయతోనే వెళ్ళాడు.

నాలుగింటికి కోర్టు గట్టు నిండిపోయింది. గోడల మీద కూడా జనమే. మైకులో మోయిన్, "బ్రహ్మయ్య బాబాయ్ వచ్చాడు! పాత రోజులు వచ్చినయ్!" అని అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో వెనకనుంచి, "ఈసారన్నా మంచిది తెచ్చావా?" అన్నారు. నవ్వులు. రాతి మీద కర్పూరం వెలుగుతోంది. కళ్ళు మూసుకుని, చెయ్యెత్తి, ఒక్క దెబ్బ కొట్టాడు.

కాయ చక్కగా నడిమికి చిట్లింది. చిట్లిన మరుక్షణం ఆ సందులోంచి వాసన తగిలింది. అదే వాసన.

ఆయన ఆలోచించలేదు, చేతులే ఆలోచించాయి. రెండు చిప్పలూ విడిపోకుండా గట్టిగా అదిమి పట్టి, భుజం మీది తువ్వాలు లాగి కప్పేశాడు. నల్లటి నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి తువ్వాల్లోకి ఇంకాయి. జనానికి కాయ పగిలిన చప్పుడే వినిపించింది. మోయిన్ మైకులో, "ఒక్క దెబ్బ!" అని కేక వేశాడు. విజిల్ మోగింది, బంతి లేచింది.

"ఇక్కడ కూర్చో బాబాయ్" అని హైమావతి జట్టు బెంచీ చివర చోటు చూపించింది. కాదని వెళ్ళిపోతే అనుమానం వస్తుంది. కూర్చున్నాడు. ఒళ్ళో తువ్వాలు, తువ్వాల్లో కాయ, కాయ మీద రెండు చేతులు.

ఆ గంటన్నర ఆయన పడిన యాతన పగవాడికి కూడా వద్దు. లిఖిత ముగ్గురిని తప్పించుకుని బంతి వేస్తే గట్టంతా లేచింది, ఆయన లేవలేకపోయాడు. చెయ్యి తీస్తే చిప్పలు విడిపోతాయి. ఆరేళ్ళు గోడ అవతలినుంచి చూసిన ఆట కళ్ళ ముందు పది అడుగుల్లో జరుగుతుంటే చప్పట్లు కొట్టడానికి చేతుల్లేవు. విజయవాడ జట్టు ఎనిమిది పాయింట్లు ముందుకు వెళ్ళినప్పుడు, ఇది నా వల్లే అనుకున్నాడు. మన పిల్లలు అందుకున్నప్పుడు, దేవుడు ఇంకా చూడలేదేమో అనుకున్నాడు. తువ్వాలు మీద ఈగలు ముసిరాయి. ఊదుతూ కూర్చున్నాడు. విరామంలో పిల్లలు నీళ్ళు తాగడానికి బెంచీకి వస్తే, వాసన తగులుతుందేమోనని ఊపిరి బిగబట్టాడు, తను బిగబడితే వాళ్ళకు తగలదన్నట్టు. లేచి నిజం చెప్పేద్దామని రెండుసార్లు అనుకున్నాడు. చెబితే పిల్లల గుండె జారుతుంది. చెప్పకపోతే తను అబద్ధం మీద కూర్చున్నట్టు. ఎటూ పాలుపోక దేవుళ్ళందరినీ పేరుపేరునా క్షమాపణ అడిగాడు.

చివరి నిమిషంలో గురజాల ఒక్క పాయింటు వెనకబడి ఉంది. ఐదు సెకన్లు మిగిలాయనగా బంతితో దూసుకెళ్తున్న లిఖితను అవతలి పిల్ల చెయ్యి పట్టి లాగింది. విజిల్. రెండు ఫ్రీ త్రోలు.

అదే ఒక్క పాయింటు, అదే రింగు, అవే రెండు త్రోలు. వయసు మళ్ళినవాళ్ళందరికీ అదే గుర్తొచ్చిందని వాళ్ళ మొహాలు చూస్తేనే తెలుస్తోంది. బ్రహ్మయ్య పక్కకు చూశాడు. హైమావతి కోర్టు వైపు చూడటం లేదు. తల వంచుకుని నేలనే చూస్తోంది.

మొదటిది నేరుగా పడింది. సమం. రెండోది రింగు అంచుకు తగిలి పైకి లేచింది. బ్రహ్మయ్య చిప్పలు విరిగేంతగా నొక్కాడు. బంతి రింగు మీద ఒక చుట్టు తిరిగి, లోపలికి జారింది. మిగిలిన ఐదు సెకన్లలో విజయవాడ పిల్ల దూరంనుంచి విసిరిన బంతి బోర్డు దాటి గట్టు మీద జనంలో పడింది.

ఆ తర్వాత ఎవరు ఎవరిని ఎత్తుకున్నారో తెలియదు. బద్ధశత్రువులు కూడా కావలించుకున్నారు. మోయిన్ మైకులో ఏడుస్తున్నాడు. ఆ గోలలోనే ఎవరో అన్నారు, "కొబ్బరేది? బ్రహ్మయ్య కొబ్బరి పంచండయ్యా!" పది చేతులు ఆయన ముందుకు చాచుకొచ్చాయి.

బ్రహ్మయ్య తువ్వాలును పొట్టకు హత్తుకున్నాడు. అంతలో చెమటతో తడిసిన లిఖిత ఆ చేతుల్ని తోసుకుంటూ వచ్చి ఆయన ముందు వంగింది.

"ఇటియ్యి తాతా, పారేసొస్తా" అంది మెల్లగా.

"నీకు... నీకెట్టా తెలుసమ్మా?"

"బెంచీ మీదోళ్ళందరికీ తెలుసు. మొదటి క్వార్టర్లోనే వాసనొచ్చింది. ఎవురూ నోరెత్తొద్దు, ఆడండంతేనని మేడం చెప్పింది."

తువ్వాలుతో సహా తీసుకుని ఆ పిల్ల గోడ వైపు వెళ్ళిపోయింది. బ్రహ్మయ్య హైమావతి వైపు తిరిగాడు.

"తెలిసి కూడా ఊరుకున్నావా తల్లీ?"

హైమావతి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "చానా రోజులుగా ఊరుకుంటానే ఉన్నా బాబాయ్. ఆ రోజు రెండు త్రోలు పోగొట్టింది నేను. అందరూ నీ కాయని తిడతా ఉంటే, నన్ను అనట్లేదు గదాని నోరు మూసుకున్నా. అది తప్పు. అందుకే ఈ రోజు నువ్వే కొట్టాలన్నా. కుళ్ళినా సరే, నువ్వే కొట్టాలనుకున్నా."

బ్రహ్మయ్య అరచేతులు చూసుకున్నాడు. నల్లగా, జిగటగా, కంపు కొడుతూ, ఖాళీగా ఉన్నాయి. జనం పిల్లల్ని భుజాల మీద మోసుకుంటూ గేటు వైపు కదిలారు, చప్పట్లు అప్పటికే ఆగిపోయాయి. ఆయన లేచి నిలబడ్డాడు. ఖాళీ కోర్టుకు ఎదురుగా, ఒక్కడే, ఆలస్యంగా, గట్టిగా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు.