ఫిట్ సార్

విశాఖ రైల్లో పెడన దగ్గర ఎక్కిన వృద్ధ దంపతులు నా ఎదుట కూర్చున్నారు. ఆయన మాజీ సైనికుడు. ఫిరంగుల మోతకు ఎడమ చెవి పోయింది. గుండ్లు మోసి నడుము వంగిపోయింది. వైకల్య పింఛను కోసం మిలిటరీ డాక్టర్ల దగ్గరికి రెండోసారి వెళ్తున్నారు.

"మొదటిసారి ఎందుకివ్వలేదమ్మా?" అన్నాను.

"ఎలా ఉందని డాక్టరడిగితే, ఈయన నిటారుగా నిలబడి 'ఫిట్ సార్' అన్నారు అన్నయ్యగారూ! ఇంకేమిస్తారు?" అని, ఆవిడ ఆయన కుడిచెవిలో అరిచింది. "ఈసారి నొప్పని చెప్పండి!"

"ఆఫీసరు ముందు మూలుగుతామేంటే?" అన్నారాయన.

గుడివాడలో దిగుతూ నమస్కరించాను. ఆయన పళ్లు బిగించి, నిటారుగా లేచి సెల్యూట్ కొట్టారు.

"ఇదిగో, మళ్లీ!" అంటూ ఆవిడ ఆయన నడుం పట్టి కూర్చోబెట్టింది.

పింఛను వచ్చిందో లేదో తెలియదు. నేను మాత్రం ఇప్పుడు డాక్టరు అడగ్గానే మోకాళ్ల నొప్పి చెప్పేస్తున్నాను.