అర్జీ పెట్టడమే తప్పయింది

మా మనవరాలు బడికి వెళ్లదు. చిన్నప్పుడు ఉబ్బసంతో రెండేళ్లు మంచం దిగలేదు. అప్పటినుంచి మా అమ్మాయే దానికి ఇంట్లో చదువు చెబుతోంది. పరీక్షలు ప్రైవేటుగా రాస్తుంది. ఇప్పుడు ఉబ్బసం లేదు. తెల్లవారగానే సముద్రం ఒడ్డున పరిగెత్తి, ఇసుక కాళ్లతోనే ఇంట్లోకి వచ్చి తల్లిచేత తిట్లు తింటుంది. నౌకాదళంలో చేరాలని దాని కోరిక. అందుకు తొలిమెట్టుగా క్యాడెట్ దళంలో చేరతానంది. మా చుట్టుపక్కల ఆ దళం ఒక్క సర్కారు హైస్కూల్లోనే ఉంది. వయసు ప్రకారం దానికి పోయిన ఏడాదే ఆఖరి అవకాశం.

ఎంపిక రోజున తీసుకువెళ్లాను. డ్రిల్లు మాస్టారు మంచివాడు. "పరిగెత్తు పాపా, చూద్దాం" అన్నాడు. అమ్మాయిల్లో రెండోదిగా వచ్చింది. మాస్టారు పేర్లు రాసుకుంటూ దాని దగ్గర ఆగాడు.

"ఏ స్కూలు?"

"ఇంట్లోనే చదువుకుంటా సార్."

వరసలోని పిల్లలు నవ్వారు. "మీ ఇంట్లో యూనిఫారం ఏం రంగు మే?" అని ఒకమ్మాయి అడిగింది.

మాస్టారు నావైపు తిరిగాడు. "కాన్వెంటు పిల్లోళ్లు వస్తేనే తిప్పి పంపించినాం సార్. ఈడ చదివేవాళ్లకే అన్నారు. సరే, చూద్దాం లెండి. ఆదివారం తీసుకరాండి."

అక్కడితో ఊరుకోవలసింది. కానీ తాలూకా కచేరీలో జీవితమంతా పనిచేసినవాణ్ణి, నోటిమాట నాకు మాట కాదు. ఆ సాయంత్రమే అర్జీ రాశాను. ఇంట్లో చదివే పిల్లలను, దళం లేని ప్రైవేటు బడుల పిల్లలను చేర్చుకోరాదని ఏ నిబంధనలో ఉందో తెలుపవలెనని అడిగాను. ఒక ప్రతి హెడ్మాస్టరుకు, ఒకటి నెల్లూరులో ఆ దళం ఆఫీసుకు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చాను.

ఆదివారం మాస్టారు గేటు దగ్గరే అడ్డం వచ్చాడు.

"కాగితం ఎందుకు పెట్టినారు సార్? వెనక వరసలో నిలబెట్టుకుందామనుకున్నా. ఎవురైనా మానేస్తే ఆ ఖాళీలో పేరెక్కించేవాణ్ణి. ఇప్పుడు ఫైలు కదిలింది. జవాబు రాకుండా పాపను లోపలికి రానిస్తే నా ఉద్యోగం పోతాది."

"నిబంధన చూపించమన్నాను. తప్పా?"

"తప్పని ఎవురన్నారు సార్? కాగితముంది. అంతే."

నెల్లూరుకు ఏడుసార్లు తిరిగాను. ఏ రోజున ఎవరేమన్నారో డైరీలో ఉంది. పైకి పంపామని ఒకరు, పైనుంచి రాలేదని ఒకరు. "ఇంట్లో చదివే పిల్ల గదా, పరేడు కూడా ఇంట్లోనే చేయించుకో పెద్దాయనా" అని ఒక గుమాస్తా అంటే గదంతా నవ్వింది. కూడదని మాత్రం ఒక్కరూ రాసివ్వలేదు. రాస్తే సంతకం పెట్టాలి కదా! చేర్చుకోమన్నా సంతకమే పెట్టాలి. అందుకని ఏదీ రాయలేదు.

చివరికి జవాబు వచ్చింది. బాలిక చదువుతున్న పాఠశాల పేరు తెలుపగలరు అని. నా అర్జీలో మొదటి వాక్యమైనా చదవలేదు వాళ్లు! అప్పటికి దానికి దళంలో చేరే వయసు దాటి పదకొండు రోజులు.

ఒళ్లు మండి ఇంకో కాగితం తీశాను. మనవరాలు నా కలం మీద చెయ్యి పెట్టింది.

"రాయబాక తాతా. నువ్వు రాసినందుకే గదా."

మా అమ్మాయి దాన్ని గదమాయించబోతే వద్దన్నాను. అది అన్నమాట సగం నిజం. దొంగలా వెనక వరసలో నిలబడితే చోటుంటుందట, పేరు చెప్పుకుని అడిగితే ఉండదట. ఆ పద్ధతి నేను పెట్టింది కాదు. పదమూడేళ్లు దాటిన పిల్లకు అది నేర్పే పని కూడా నాది కాదు. ఈ మాటలన్నీ దానితో అనగలను. వాదిస్తే గెలుస్తాను. గెలిచి ఏం చేసుకోను?

అది నాతో మాట్లాడి నేటికి ఇరవై మూడు రోజులు.