కామెర్లు కడిగిన నీళ్లు

బోధన్ బస్టాండు దగ్గర పాన్ డబ్బాలో తడి సున్నం వాసన తగిలితే ఇప్పటికీ నా అరచేతులు చూసుకుంటాను.

అమ్మకు కామెర్లైనప్పుడు బాపు చెరుకు కోతలకు పోయేవాడు. కామెర్లు కడిగే అవ్వ వచ్చి, అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని, బెరడు పొడి రుద్ది, సున్నపు నీళ్లు పోసింది. పసుపు నీళ్లు కారాయి.

"సూసినవా బిడ్డా, రోగమంత దిగుతున్నది," అన్నదవ్వ.

ఆమె వెళ్లాక, మిగిలిన పొడితో, సున్నపు నీళ్లతో నా చేతులూ కడుక్కున్నాను. అవే పసుపు నీళ్లు! నాకూ కామెర్లేననుకుని, ఎవరికీ చెప్పలేక పెరట్లో ఒక్కదాన్నే కూర్చున్నాను.

ఆ బెరడుకు సున్నం తగిలితే ఎవరి చేతులైనా అలాగే కారుతాయని పెద్దయ్యాక తెలిసింది. జబ్బు లేని చేతులనూ కడిగి చూడటమే సైన్సని కూడా.

అమ్మ కోలుకున్నది ఆసుపత్రిలోనే. అక్కడ మాత్రం ఆమె చేతులను ఎవరూ ఒళ్లో పెట్టుకోలేదు.