దర్జీ తరఫు వకీలు

కోర్టు వరండాలో అందరూ ఆమెను ‘టీవీ వకీలమ్మ’ అనేవారు. ఆ పేరు వింటేనే ఆమెకు ఒళ్ళు మండేది. ఇన్నేళ్ళుగా లాకప్పుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, తోపుడుబళ్ళవాళ్ళనీ ఊరేగింపుల్లో దొరికిన కుర్రాళ్ళనీ విడిపించిందంతా ఏ గంగలో కలిసిందో! వారానికోసారి తెరమీద పోట్లాడే మొహం ఒక్కటే జనానికి గుర్తుంది.

మొదట్లో ఇలా లేదు. గుడిసెలు కూల్చకుండా ఆమె ఆర్డరు తెచ్చినప్పుడు ఒక చానెల్‌వాళ్ళు పిలిచారు. పోలీసులు పట్టుకెళ్తే ఏమడగాలి, ఎవరికి కబురు చెయ్యాలి, అంతా నింపాదిగా చెప్పనిచ్చారు. మర్నాడు కూరలమ్మే ఆవిడ, “నిన్న మీరు చెప్పిందంతా మా ఆయన చేత అప్పజెప్పించుకున్నానమ్మా” అంది. కోర్టులో గొంతు చించుకున్నా వినేది నలుగురు. ఇక్కడ ఊరు ఊరంతా వింటోంది. పైగా, అంతకుముందు గుమ్మంలో నిలబెట్టి మాట్లాడే ఇన్‌స్పెక్టరు కుర్చీ వేయించడం మొదలెట్టాడు. రుచి మరిగిందనండి, పని జరుగుతోందనే వెళ్ళిందనండి, పిలిచినప్పుడల్లా వెళ్ళింది.

రానురాను తెరమీద ఒకరి చోట నలుగురయ్యారు. నలుగురూ ఒక్కసారే అరిచేవారు. ఆ గోల పడలేక సౌండు తీసేసి చూసే అత్తగారు, “నీ నోరాడటం కనపడిందే తల్లీ, మాటలు మాత్రం ఆ బట్టతలాయన మింగేసినట్టున్నాడు” అనేది. భర్త నవ్వాపుకుంటూ గిన్నెలు కడిగేవాడు. ఆమెకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

అలాంటి రోజుల్లో దర్జీ భార్య వచ్చింది. సమ్మె చేస్తున్న ఫ్యాక్టరీవాళ్ళకు ఆమె భర్త బ్యానర్లు కుట్టిచ్చాడు. అదే అతను చేసిన నేరం. మెడలో టేపు ఉండగానే జీపెక్కించారు. స్టేషన్‌కి వెళ్ళి అడిగితే, అలాంటివాడెవడూ ఇక్కడ లేడు పొమ్మన్నారు.

“చెప్పులు కూడా వేసుకోనివ్వలేదమ్మా. సగం కుట్టిన చొక్కా మిషను మీద అలాగే ఉంది.”

మనిషిని కోర్టు ముందు నిలబెట్టాలని వకీలమ్మ అప్పటికప్పుడు పిటిషన్ వేసింది. విచారణ మర్నాటికి పడింది. ఆ సాయంత్రమే చానెల్ యాంకరు ఫోన్ చేసి, “మీ దర్జీ గురించే మేడమ్, రండి” అన్నాడు. పదిమందికీ తెలిస్తే మనిషిని మాయం చెయ్యడానికి జంకుతారనుకుని వెళ్ళింది.

లైట్లు వెలిగాయి. ఎదుటి తెరమీద తన మొహం కిందే పెద్దపెద్ద అక్షరాలు పరుగెత్తుతున్నాయి: ‘కుట్టేవాడా? కుట్రదారుడా?’

“ముందు ఆ అక్షరాలు తీసెయ్యండి” అంది.

“సూటిగా చెప్పండి మేడమ్. తప్పు చేసినవాణ్ణి వదిలెయ్యమంటారా?”

“తప్పు చేసుంటే శిక్షించండి. కానీ శిక్ష వెయ్యాల్సింది కోర్టు, ఇన్‌స్పెక్టరు కాదు. అసలు ఆ మనిషిని ఎక్కడ దాచారు?”

ఇంకా చాలా చెప్పింది. ‘శిక్షించండి’ దగ్గరే మైకు కట్టేశారని ఇంటికి వచ్చేదాకా తెలియలేదు. ఈసారి అత్తగారు సౌండు పెంచుకుని కూర్చుంది. “ఏమిటే, మనవాణ్ణే శిక్షించమన్నావటగా?” అంది తెల్లబోయి. ఆ ఒక్క ముక్కనే తిప్పితిప్పి వేస్తున్నారు.

మర్నాడు కోర్టు వరండాలో దర్జీ భార్య దగ్గరికి రాకుండా స్తంభం పక్కనే నిలబడింది.

“మా వీధంతా చూసింది. మీరే అలా అంటే ఇంకెవరు నమ్ముతారమ్మా?”

“నేనన్నది అది కాదు. మిగతాది కోసేశారు.”

“కోస్తారని తెలిసీ ఎందుకెళ్ళారు?”

ఇంతలో కేసు పిలిచారు. వకీలమ్మ ఫైలు తీసుకుని లోపలికి నడిచింది.

లోపల ప్రభుత్వ వకీలు చిరునవ్వుతో లేచాడు. “శిక్షించమని వారే టీవీలో సెలవిచ్చారండీ.” ఆమె భగ్గుమంది. “ఇది స్టూడియో కాదమ్మా, గొంతు తగ్గించండి” అన్నాడు జడ్జి. ఆ మాటను గుటకేసి మింగి, చట్టం చెప్పిందేమిటో, పోలీసులు చేసిందేమిటో ఒక్కొక్కటీ విడమరిచి చెప్పింది. సాయంత్రంలోగా మనిషిని తేవాలని ఆర్డరు వచ్చింది.

తెచ్చారు. వట్టికాళ్ళతో కుంటుతూ వచ్చాడు. కుడిచేతి బొటనవేలు వాచి నల్లబడింది. విడిచిపెట్టమన్న జడ్జి, దెబ్బల సంగతి వేరే విచారణలో తేలాలన్నాడు. ఆ విచారణ చేసేది ఇన్‌స్పెక్టరు పై అధికారేనట. దొంగ చేతికే తాళాలు!

ఇంటికైతే చేరాడు గానీ, బట్టలిచ్చేవాళ్ళు దుకాణం మెట్లెక్కడం మానేశారు. వకీలమ్మ తిన్నగా చానెల్‌కి వెళ్ళి నిలదీసింది.

“రేపు రండి మేడమ్, మీరే చెప్పుకోండి. గెస్టులు ఇద్దర్నే పెడతాను” అన్నాడు యాంకరు.

“గెస్టులొద్దు, నేనూ వద్దు. తప్పు మీదని మీ నోటితో మీరే చెప్పండి.”

“అదెవరు చూస్తారండీ?”

ఆమె మళ్ళీ ఆ గడప తొక్కలేదు. దర్జీ తరఫున చానెల్ మీద కేసు వేసింది. వాళ్ళు పేరుమోసిన వకీలును పెట్టుకున్నారు. ఆయనకు ఒకసారి జ్వరం, ఒకసారి ప్రయాణం. ప్రతిసారీ వాయిదానే.

మొన్న కూడా అంతే. బయటికొచ్చి కసికొద్దీ ఫైలును బెంచీ మీద విసిరికొట్టింది. కాగితాలు వరండా అంతా చెదిరాయి. “సిగ్గు లేదూ వీళ్ళకి!” అని అరిచి, మళ్ళీ తనే వంగి ఏరుకోసాగింది. దర్జీ భార్య కూడా వచ్చి పక్కన కూర్చుని, కాగితాలు ఒద్దికగా సర్దిచ్చింది.

“ఇప్పుడే అరిచెయ్యకండమ్మా. వచ్చే వాయిదాకి గొంతుండాలి కదా.”