యజమాని దండం దాటనివ్వని డిస్కు

2004లో ద్వారకా నగర్‌లోని ఒక పెళ్లి వీడియోల స్టూడియోలో సీనియర్ ఎడిటర్‌గా చేరాను. సీనియర్ అంటే నా కింద ఎవరో ఉన్నారని కాదు. ఆ గదిలో నాకంటే పాతది ఏసీ ఒక్కటే. కేసెట్లు పోయి డిస్కులు వస్తున్న రోజులవి. డిస్కు పెట్టగానే మనుషులకు మొదట కావలసింది అందమైన మెనూ అని నమ్మడం నా తెలివితక్కువతనం. తామరపువ్వు విచ్చుకుంటే ఒక్కో రేకు మీద ఒక్కో మీట వచ్చేలా చేశాను. పువ్వు విచ్చుకునేది, చూసేవారి ముఖాలు ముడుచుకునేవి.

దానికి ముందు మా యజమాని ప్రసాదరావుగారు చేతులు జోడించి స్టూడియో గురించి చెప్పే పరిచయం ఉండేది. డిస్కు తయారుచేసేటప్పుడు ఏ భాగంలో రిమోట్ పనిచేయకూడదో ముందే ఆదేశం పెట్టవచ్చు. పరిచయానికి ఆ తాళం వేయమన్నది ఆయన. ముందుకు నొక్కితే టీవీ మీద అడ్డంగా చెయ్యి గుర్తు వచ్చేది.

ఒక మధ్యాహ్నం తగరపువలస నుంచి అప్పలనరసమ్మగారు డిస్కు పట్టుకుని వచ్చారు. ఆమె కూతురి పెళ్లి వీడియో మేమే చేశాం. పెళ్లికూతుర్ని బుట్టలో మోసుకొచ్చిన మేనమామ, అంటే ఈవిడ అన్న, ఆ తర్వాత వర్షాకాలంలో పోయాడు. ఆమెకు చదువు రాదు. కొడుకు స్టీల్‌ప్లాంటులో డ్యూటీకి వెళ్తే డిస్కు పెట్టి నడిపించేవారు లేరు.

"కేసెట్టయితే ఎట్టగానే ఆడీది బాబూ. ఇదేటో గుమ్మం కాడ నిలబెట్టీసి ఏటి కావాల, ఏటి కావాల అని అడగతంది. మా అన్నని సూద్దారని కూకుంతే మీ అయ్యగోరు దండాలెట్టుకుంతా వొచ్చెత్తన్నాడు. నానేటి, ఆయనకి ఓటెయ్యాలేటి?"

ఏ మీట ఎక్కడ ఉంటే బాగుంటుందని అడిగాను.

"ఏ మీటా వొద్దు. ఎడితే మా అన్న రావాల. మీ కెమెరా వోడు బుట్ట రెండుపాల్లు మోయించినాడు. మోకాలు నొప్పున్నా మోసినాడు. ఇందల ఒకపాలే ఉంది."

నిజమే. రెండోసారి మోసింది నేనే కత్తిరించాను. పాత టేపు వెతికి దాన్ని కలిపాను. పెట్టగానే బుట్టతో మొదలయ్యేలా, ఆపైన మిగతా పెళ్లి వరుసగా వచ్చేలా, మెనూ లేకుండా, తాళం లేకుండా ఇంకో డిస్కు చేసి ఆఫీసు ప్లేయర్‌లో వేశాను. రెండుసార్లూ చూసి, డిస్కు సంచిలో పెట్టుకుని ఆమె బస్సెక్కారు.

సంగతి తెలిసి ప్రసాదరావుగారు మండిపడ్డారు. "పేరు లేకుండా సరుకు బయటికి పంపేస్తారేంటండీ మూర్తిగారూ! రేపట్నుంచి తాళం లేని డిస్కు గుమ్మం దాటితే, మీరూ దాటెయ్యడవేనండి, ఆయ్!"

ఉద్యోగం నాకు కావాలి. ఆలోచించి చెప్పాను: అందరినీ ఆపి చూపించడం మీ స్థాయికి తగదు, మెనూలో మీకంటూ ఒక మీట పెడతాను.

"నాకంటూ ఓ మీటా!" అని కుర్చీలోంచి లేచారు. "పెట్టెయ్యండి మరి!"

పెట్టాను, మూడో పేజీలో, అడుగున. తాళం తీసేశాను.

తాళం వేస్తే మనిషి కూర్చుంటాడు గానీ, చూస్తాడన్న నమ్మకం లేదని ఆ వ్యవహారంలో తెలుసుకున్నాను. ఆ మీట నొక్కినవారిని నేనెరుగను.

కొంతకాలానికి ప్రసాదరావుగారు, పరిచయం గురించి జనం ఏమంటున్నారని అడిగారు. ఇప్పుడు ఒక్కరూ విసుక్కోవడం లేదండీ అన్నాను. ఆయన చాలా సంతోషించారు.