ఏసీ పీకి గాలి పెట్టుకున్న బండి

ఒక మనిషి మీది కోపంతో నడి ఎండాకాలంలో సొంత బండి ఏసీ పీకేసుకున్నవాణ్ని ఈ పటాన్‌చెరు దారిలో నేనొక్కణ్నే అయి ఉంటాను. పీకింది ఊరికే పారేయలేదు. దాని కంప్రెషర్‌తో టైర్లకు గాలి కొట్టుకోవచ్చని కనిపెట్టాను. దానికి నూనె కావాలన్నది మాత్రం కనిపెట్టలేదు. నా తెలివి టైరులాంటిది, పైకి గట్టిగా కనిపిస్తుంది, లోపలంతా గాలే.

నాది ఆరు టైర్ల చిన్న లారీ, పాతది. ఏసీ పాత ఓనరు పెట్టించుకున్నాడు. బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీ నుంచి డ్రమ్ములు ఎత్తుకుని పటాన్‌చెరు గోడౌన్‌లో దింపడం నా పని. పొద్దున్నే బండ్లు వచ్చిన వరుసలో నంబర్లు రాస్తారు. నంబరు పిలిచాక సెక్యూరిటీ ఇనుప రాడ్డుతో ఒక్కో టైరునూ కొట్టి చూస్తాడు. ఒక్కటి మెత్తగా మోగినా నంబరు పోతుంది, ఇక వరుస చివరికే. నెలలో మూడుసార్లు నంబరు పోగొట్టుకున్న బండిని ట్రాన్స్‌పోర్టు ఆఫీసు జాబితాలోంచి తీసేస్తుంది. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ జాబితాతోనే.

ఫ్యాక్టరీ గేటుకు కొంచెం ఇవతల, బండ్లు వరుసకట్టే చోట, ఒకటే పంక్చరు దుకాణం. ఆయన పాత టైర్లు కూడా అమ్ముతాడు. నేను వెనక టైర్లు రెండు, రాత్రికి రాత్రే గాలి దిగిపోయే పాతవే, సంగారెడ్డిలో కొన్నాను. నా నేరం అదే.

"అన్నా, ఎనక టైర్లల్ల జెర గాలి కొట్టు. నంబరొస్తున్నది."

"టైర్లు యాడ కొన్నవ్?"

"సంగారెడ్డిల."

"మరి గాలి గూడ ఆడనే కొట్టించుకోని రా పో."

పరాచికమనుకుని నవ్వాను. నవ్వుతూ ఉండగానే నంబరు పోయింది. వారం తర్వాత మళ్లీ అడిగితే "కరెంటు లేదు" అన్నాడు, నెత్తిన ఫ్యాను గిరగిరా తిరుగుతుండగా. రెండో నంబరూ పోయింది. ఇంకొక్కటి పోతే బండి ఇంటికే.

నా ఏసీ కంప్రెషర్‌తో గాలి కొట్టుకోవచ్చా అని పటాన్‌చెరులో ఏసీలు బాగుచేసే ముసలాయన్ను అడిగాను. "అది గ్యాసు కొట్టే మిషిని, గాలి కొట్టేది గాదు. ఆగమైతవ్" అన్నాడు. ఆగం కావడం నాకు కొత్త కాదు కనక వినలేదు. పాత సామాన్ల కొట్లో ఏదో బస్సుకు విప్పిన గాలి ట్యాంకు దొరికింది. బండి కింద బిగించుకున్నాను. ఇంజను తిరుగుతుంటే బెల్టు కంప్రెషర్‌ను తిప్పుతుంది, అది బయటి గాలిని పీల్చి ట్యాంకులోకి నెడుతుంది. "చల్లగ కూసునే బండిని నీ చేతుల్తోనే పొయ్యి చేసుకున్నవ్" అంది మా ఆవిడ. చెమట తుడుచుకుంటూనే సొంత టైర్లకు సొంత గాలి కొట్టుకున్నాను. ఎనిమిది రోజులు రాజులా ఉన్నాను.

తొమ్మిదో రోజు వరుసలో ఉండగా ముందు బెల్టు కీచుమంది, తర్వాత రబ్బరు కాలిన పొగ లేచింది. పంక్చరాయన రోడ్డు మీదికి వచ్చి మరీ చూశాడు.

"ఏందన్నా, బండ్లె మక్కకంకులు కాలుస్తున్నవా? మాకు గూడ రెండియ్యి!"

వరుసలో ఉన్న డ్రైవర్లంతా నవ్వారు. టైర్లు అప్పటికే నింపుకున్నాను కనక నంబరు నిలిచింది. పరువే వరుస చివరికి వెళ్లింది.

ముసలాయన కంప్రెషర్ విప్పి, లోపల గీతలు పడ్డ పిస్టన్లు చూపించాడు. "దీనికి నూనె గ్యాసుతోనే తిరుగుతది. గ్యాసు తీసేస్తివి, నూనె యాడికెల్లి వస్తది? ఎండిపోయి సచ్చింది." తిడుతూనే వెతికి, అడుగున తన నూనె తనే నిలుపుకునే పాతకాలపు కంప్రెషర్ ఒకటి తెచ్చి బిగించాడు. నూనె ట్యాంకులోకి పోకుండా ఫిల్టరు, గాలి మితిమీరితే దానంతటదే వదిలేసే వాల్వు కూడా పెట్టాడు. "ఇది గూడ కరాబు చేస్తే నా దిక్కు రాకు" అన్నాడు.

ఈసారి బండి నిలబడింది. పంక్చరాయన నిలబడలేకపోయాడు. సెక్యూరిటీ దగ్గరికి పోయి, "ఆ బండి కింద బాంబు లెక్క సిలిండరు కట్టుకున్నడు. లోపలున్నయన్నీ మండే డ్రమ్ములు. జెర సూస్కోండ్రి" అని చెప్పివచ్చాడు. సరిగ్గా నా నంబరు పిలిచినప్పుడు బండి ఆపేశారు. హెల్మెట్ పెట్టుకుని సేఫ్టీ సారు వచ్చి, బండి కింద వంగి చాలాసేపు చూశాడు. ఇదీ పోతే మూడోది.

"గాలేనా?"

"గాలే సార్."

"నిండిన ట్యాంకుతో లోపలికి రావద్దు. రోజూ గేటుకు వంద అడుగుల అవతల్నే ఖాళీ చేసి రావాలె. ఇంకోసారి నిండుగ దొరికితే జాబితాలకెల్లి నేనే తీపిస్త."

ఆ రోజుకు నంబరు ఆపి ఉంచారు. ట్యాంకు ఖాళీ చేసి రావడానికి బండి వెనక్కి తిప్పుతుంటే పంక్చరాయన పళ్లన్నీ బయటపెట్టి, "పో, పో, తీస్కపో నీ గాలి" అన్నాడు.

మర్నాడు పొద్దున గేటు నుంచి అడుగులు వేసి కొలిచాను. వంద అడుగులు సరిగ్గా ఆయన దుకాణం గడప ముందు తేలాయి. ట్యాంకు ఖాళీ చేసే వాల్వు బండికి ఎడమవైపు, నేలకు జానెడెత్తున ఉంటుంది. దుకాణమూ ఎడమవైపే. ఆయన చాయ్ గ్లాసుతో అప్పుడే కూర్చున్నాడు. వాల్వు తెరిచాను. ముందు అడుగున చేరిన తుప్పు నీళ్లు చిమ్మాయి. తర్వాత గాలి బుస్సుమని రోడ్డు మీది దుమ్మునంతా లేపి గడప దాటించింది.

"ఓయ్! కండ్లు కానొస్తలేవా? ముందటికి పొయ్యి తియ్యి!"

"ముందటికి పోతె తొంభై అయితదన్నా. సారు వంద అన్నడు."

"ఎనకకు పోరాదు మరి!"

"ఎనకకు పోతె నా నంబరు పోతది. సారుకు చెప్పింది నువ్వే గదన్నా, నన్నంటవేంది?"

ఆయన గ్లాసు మీద అరచెయ్యి మూసుకుని లోపలికి పోయాడు. అప్పటి నుంచి నేను వాల్వు సగమే తెరుస్తున్నాను. ఖాళీ కావడానికి ఎక్కువసేపు పడుతుంది.