దొడ్డమ్మ చెట్టుకు కట్టిన తీగ

మొన్నామధ్య మా ఇంటికి వేగంగా వచ్చే కొత్త ఇంటర్నెట్టు పెట్టించాను. పాతది నత్తనడక, సాయంత్రం పూట కాసేపు పాత పాటలు విందామంటే పల్లవి అయ్యాక చరణం అందుకునేలోగా తెర మీద చక్రం గిర్రున తిరుగుతూ కూర్చునేది, మా ఆవిడ చూసే సీరియల్లో అత్తగారు తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయేది. తీరా తీగ లాగడానికి వచ్చినాయన అటూ ఇటూ చూసి, కాలవగట్టు మీది స్తంభం నుంచి మా ఇంటిదాకా ఒకే లాగుడులో రాదనీ, మధ్యలో పక్కింటి కొబ్బరిచెట్టుకు కట్టుకోవాలనీ అన్నాడు. పాలకొల్లు చుట్టుపక్కల మా పల్లెల్లో ఇది మామూలే, స్తంభం లేనిచోట కొబ్బరిచెట్టే స్తంభం. పక్కింటి దొడ్డమ్మను అడగబోతే, "దానికి నన్నడగాలేంట్రా? కట్టుకో" అని నా మాట పూర్తి కాకుండానే లోపలికి వెళ్లిపోయింది. నిజానికి ఆవిడ మాకు చుట్టం కాదు, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ దొడ్డమ్మా అని పిలవడమే చుట్టరికం.

అంతా బిగించాక ఆయన, పాస్‌వర్డు ఏం పెట్టమంటారండీ, మర్చిపోనిది చెప్పండి అన్నాడు. నాకు పెళ్లిరోజే గుర్తుండదని మా ఆవిడ ఏటేటా ఏకరువు పెడుతుంది, ఇంక అంకెలేం గుర్తుంటాయి! నోటికి వచ్చినవేవో చెప్పాను. సరిపోవంటే అవే రెండుసార్లు వెయ్యమన్నాను. వేశాక తట్టింది, అది దొడ్డమ్మ గారి పాత టెలిఫోను నంబరు. "ఎవరికీ చెప్పకండి సార్, పదిమంది వాడితే స్పీడు పడిపోద్ది" అని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

మన ఈడు వాళ్లకు పి.పి. నంబరు గురించి వేరే చెప్పక్కర్లేదు. సొంత ఫోను లేనివాళ్లం ఇరుగుపొరుగు వాళ్ల నంబరు రాసుకుని, పక్కన పి.పి. అని పెట్టి, అప్లికేషన్ల మీదా, చివరికి శుభలేఖల మీదా కూడా దర్జాగా వేయించుకునేవాళ్లం. దొడ్డమ్మ గారి ఆయన ధాన్యం వ్యాపారం చేసేవారు కనుక మా వీధి మొత్తానికి ఆ ఒక్క ఇంట్లోనే ఫోను ఉండేది. పురుళ్లూ, చావులూ, పెళ్లిచూపులూ అన్నీ ఆ నల్ల పెట్టెలోంచే మా వీధిలోకి వచ్చేవి, వచ్చిన ప్రతిదాన్నీ మోసుకుంటూ దొడ్డమ్మ గడప గడపకూ తిరిగేది. చేతిలో పిండి ఉంటే పిండితోనే, తలంటుకుంటూ ఉంటే తడి జుట్టుతోనే వచ్చేది; ఒక్కనాడూ విసుక్కోగా చూడలేదు. మండపేటలో ఓ రైసుమిల్లుకు గుమస్తా పని కోసం నేను పెట్టుకున్న దరఖాస్తు మీదా ఆ నంబరే. వాళ్లు ఫోను చేసిన రోజు నేను చేలో ఊడ్పుల దగ్గరున్నాను. ఆవిడ వానలో గట్టు వెంట పరిగెత్తుకొచ్చి, జారిపడి, చీరంతా బురదై, లేస్తూనే "మళ్లీ చేస్తామన్నార్రా, పరిగెత్తు!" అని కేకేసింది. ఆ పరుగుతో దొరికిన ఉద్యోగమే నన్ను ఇన్నేళ్లూ బతికించింది.

ఇంత తెలిసినవాణ్ణి, ఏం చేశానో చూడండి. కనెక్షను వచ్చిన మర్నాడే దొడ్డమ్మ మనవరాలు గుమ్మంలోకి వచ్చి, "పెదనాన్నగారండీ, రేపు నాకు వీడియోలో ఇంటర్వ్యూ ఉందండి, ఒక్క గంట మీ వైఫై వాడుకోనాండి?" అని అడిగింది. డిగ్రీ అయ్యాక ఆ పిల్లకు వచ్చిన మొదటి పిలుపు అదే. ఇవాళ ఈ పిల్లకిస్తే రేపు వీధి వీధంతా వస్తుందన్న పాడుబుద్ధి ఎక్కణ్ణుంచి పుట్టిందో గానీ, "ఇంకా పనిచెయ్యట్లేదమ్మా, ఏదో తేడా వచ్చింది" అనేశాను. పిల్ల తలూపి వెళ్లిపోయింది. "ఇస్తే అరిగిపోద్దా?" అని మా ఆవిడ లోపల్నుంచి అంది. నేను టీవీ సౌండు పెంచాను.

ఇంటర్వ్యూ సెల్‌ఫోను సిగ్నలు మీదే డాబా ఎక్కి ఇచ్చిందట. ప్రశ్న వినబడితే జవాబు అవతలికి వెళ్లేది కాదట, మధ్యలో రెండుసార్లు బొమ్మ ఆగిపోయిందట. చెబుతాం అన్నారట.

ఈ ఉదయం దొడ్డమ్మ గారింట్లో కొబ్బరి దింపు పెట్టారు. అన్ని చెట్లూ ఎక్కి కాయలు దింపినతను నా తీగ కట్టిన చెట్టు ఒక్కటీ వదిలేశాడు. ఎందుకయ్యా అంటే, "మామ్మగారు వద్దన్నారండి. ఆయన తీగ అసలే పనిచెయ్యట్లేదంట, గెల పడితే ఉన్నది కూడా తెగిపోద్ది, దాని జోలికెళ్లొద్దన్నారు, ఆయ్" అన్నాడు. ఇంతలో దొడ్డమ్మే అరుగు మీదికి వచ్చి, "ఇంకా బాగుచెయ్యలేదా నాన్నా? పాపం, అంత డబ్బు పోసి పెట్టించుకున్నావు. ఆ కాయలదేముంది, ఎండితే నూనెకు పనికొస్తాయిలే" అంది. ఛీ, తిట్టినా ఇంత సిగ్గుపడేవాణ్ణి కాదు. నా అబద్ధానికి ఆవిడ జాలిపడుతోంది.

ఇంట్లోకి పోతే కాలు నిలవలేదు. మళ్లీ వెళ్లి, తల దించుకునే, పాస్‌వర్డు చెబుతాను రాసుకోమ్మా అని పిల్లను పిలిచాను. నేను అంకెలు చెబుతుంటే దొడ్డమ్మ మొహం విప్పారిపోయింది. "ఒరేయ్, అది మన నంబరు కదూ! ఇంకా గుర్తుందేంట్రా నీకు?" అంది. మన నంబరట! వాళ్ల నంబరును వాళ్లకే చెప్పకుండా దాచినవాణ్ణి నేను. పిల్ల నొక్కగానే వైఫై తగులుకుంది. తెర వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది.

ఒక్క తీగ వీధినంతా తన వెంట పరిగెత్తించిన రోజులు పోయి, ఇంటింటికో తీగా దానికో తాళమూ వచ్చాయి. ఆ పిల్లకు ఇంకా కబురు రాలేదు. వస్తే ఆ చేతిలోనే మోగుతుంది, ఎవరూ వానలో పరిగెత్తనక్కర్లేదు. అయినా సాయంత్రం నుంచీ టీవీ కట్టేసి, దొడ్డమ్మ ఎప్పుడు కేకేస్తుందా అని గుమ్మంలోనే కూర్చున్నాను.